పశువుల టీకాలలో అడ్జువెంట్ల పాత్ర: డెండ్రైటిక్ కణాల నుండి సహాయక టి కణాల వరకు

కలుపు మందు పిచికారీ చేసేటప్పుడు ద్రావణంలో కలిపే అడ్జువెంట్ వ్యవసాయ విద్యార్థులకు కొత్త కాదు. మందు చుక్క ఆకుపై నిలిచి, పరచుకొని, మైనపు పొరను దాటి లోనికి చేరడానికి అది తోడ్పడుతుంది. కలుపును చంపేది మాత్రం మందే. పశువుల టీకా సీసాపై కూడా ఇదే పదం కనిపిస్తుంది. పేరు ఒకటే కావడంతో పని కూడా ఒకటేనని, అంటే మందును చేరవలసిన చోటికి చేర్చడమేనని చాలామంది భావిస్తారు. ఈ భావన సగమే సరైనది. టీకాలోని అడ్జువెంట్ ప్రతిజనకానికి వాహకంగా పనిచేయడంతో ఆగదు. ఆ ప్రతిజనకానికి పశువు శరీరం ఏ తరహా ప్రతిస్పందన చూపాలో నిర్ణయించడంలో అది భాగం వహిస్తుంది. అదే ప్రతిజనకం, అదే మోతాదు అయినప్పటికీ అడ్జువెంట్ మారితే కలిగే రక్షణ స్వభావం మారవచ్చు. ఈ నిర్ణయం జరిగే స్థలం డెండ్రైటిక్ కణం.

సంగారెడ్డి జిల్లాలో జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, బీరంగూడ, పటాన్‌చెరు నేడు దాదాపు ఒకే జనావాసంగా కలిసిపోయాయి. పరిశ్రమలు, అపార్ట్‌మెంట్లు పెరిగినా ఇటువంటి నగర శివార్లలో పాడి పూర్తిగా పోలేదు. కొద్ది గేదెలను పాకలో కట్టి, మేత కొని వేసి, ఉదయం, సాయంత్రం ఇంటింటికీ పాలు పోసే కుటుంబాలకు ఒక పూట పాలు తగ్గినా ఆ పూట ఆదాయం తగ్గినట్లే. గాలికుంటు టీకాల సమయంలో ఇటువంటి రైతులు పశువైద్య సిబ్బందిని అడిగేవి ప్రధానంగా రెండు ప్రశ్నలు: సూది వేసిన చోట గడ్డ కడుతుందా? పాలు తగ్గుతాయా? ఈ రెండింటికీ సమాధానం ప్రతిజనకంలో కంటే అడ్జువెంట్‌లోనే ఎక్కువగా ఉన్నది. అయినప్పటికీ టీకాల కరపత్రాలలో మోతాదు, నెల, వయస్సు ఉంటాయి గాని అడ్జువెంట్ ప్రస్తావన సాధారణంగా ఉండదు. విస్తరణ సిబ్బందికి ఇది చిన్న లోపం కాదు.

డెండ్రైటిక్ కణం చేసే పని

రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ అనే శాస్త్రవేత్తలు 1973లో ఎలుక ప్లీహంలో కొమ్మలవంటి పొడుగాటి శాఖలు గల కణాలను గుర్తించి, గ్రీకు భాషలో చెట్టు అనే అర్థమిచ్చే పదం నుండి వాటికి డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టారు. చాలాకాలం వీటిని స్థూల భక్షక కణాలలో ఒక రకంగా మాత్రమే భావించారు. స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించిన నాటికి ఆయన మరణించి మూడు రోజులయింది. ఆ సంగతి బహుమతి సంఘానికి ప్రకటన తరువాతే తెలిసింది.

చర్మం, కండరం, శ్వాసనాళాల పొర, పేగుల గోడ వంటి చోట్ల ఈ కణాలు నిరంతరం పరిసరాలను పరిశీలిస్తూ ఉంటాయి. సూది ద్వారా ప్రవేశించిన టీకా పదార్థాన్ని అవి మింగి, అందులోని ప్రోటీన్లను చిన్న పెప్టైడ్‌లుగా ఖండించి, ఎం.హెచ్.సి. తరగతి-2 అణువులపై ఉంచి తమ ఉపరితలంపై ప్రదర్శిస్తాయి. తరువాత శోషరస నాళాల వెంట సమీప లింఫు గ్రంథికి ప్రయాణిస్తాయి. ఆ పెప్టైడ్‌ను గుర్తించగల సహాయక టి కణం వాటికి తారసపడేది అక్కడే. పశువుల శోషరస నాళాలు ఎలుకల నాళాల కంటే చాలా పెద్దవి కావడంతో వాటిలో సన్నని గొట్టం అమర్చి, ప్రయాణంలో ఉన్న డెండ్రైటిక్ కణాలను గంటగంటకూ సేకరించడం సాధ్యమవుతుంది. ఈ రంగంలో ఆవు, గొర్రె ప్రయోగశాలకు అందించిన సమాచారం తక్కువేమీ కాదు.

రోగలక్షణాలున్న మొక్కను విస్తరణ అధికారి ప్రయోగశాలకు పంపే విధానం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినది. సంచిలో మొక్క మాత్రమే ఉంటే ప్రయోగశాల చేయగలిగేది కొద్దిగానే ఉంటుంది. ఏ చేను, ఏ దశ, ఎంత వ్యాప్తి, నీరు నిలిచిందా లేదా అనే చీటీ దానితోపాటు ఉండాలి. పెప్టైడ్ ఆ మొక్క నమూనా వంటిది. చీటీ స్థానంలో డెండ్రైటిక్ కణం మరి రెండు సంకేతాలను జోడిస్తుంది. సి.డి.80, సి.డి.86 అనే ఉపరితల అణువులు ‘ఇది ప్రమాదకరం, స్పందించవలసినదే’ అని తెలియజేస్తాయి. ఇవి లేకుండా పెప్టైడ్ మాత్రమే చూపబడితే టి కణం స్పందించకపోవడమే కాదు, ఆ ప్రతిజనకం పట్ల మొద్దుబారిపోవచ్చు కూడా. ఇక డెండ్రైటిక్ కణం విడుదలచేసే సైటోకైన్లు ఎటువంటి ప్రమాదమో తెలుపుతాయి. సహాయక టి కణం ఏ మార్గంలో వికసించాలో నిర్దేశించేవి ప్రధానంగా ఇవే.

ఇంటర్‌ల్యూకిన్-12 అధికంగా ఉన్నప్పుడు సహాయక టి కణాలు టి.హెచ్.1 రకంగా మారి గామా ఇంటర్‌ఫెరాన్‌ను స్రవిస్తాయి. అది స్థూల భక్షక కణాలను ఉత్తేజపరచి, అవి తమలోనే దాగిన సూక్ష్మజీవిని చంపేటట్లు చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-4 ప్రభావంలో టి.హెచ్.2 కణాలు ఏర్పడతాయి. అంతర పరాన్నజీవులను ఎదుర్కోవడంలోనూ, అలర్జీలలోనూ వీటిది ప్రధాన స్థానం. ఈ రెండు రకాలను ఎలుకలలో 1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ వేరుచేసి చూపారు. తరువాత టి.హెచ్.17, టి.ఎఫ్.హెచ్. వంటి మరికొన్ని రకాలు చేరాయి. వీటిలో టి.ఎఫ్.హెచ్. కణాలు లింఫు గ్రంథిలో బి కణాలకు తోడ్పడి నాణ్యమైన, దీర్ఘకాలం నిలిచే ప్రతిరక్షకాలను తయారు చేయిస్తాయి. టీకాల దృష్టితో చూస్తే వీటి ప్రాముఖ్యం మిగిలినవాటికి తీసిపోదు.

ఎలుకల ఫలితాలను పశువులకు యథాతథంగా అన్వయించడం మాత్రం తగదు. ఆవులలో పరీక్షించిన సహాయక టి కణాలలో అనేకం రెండు రకాల సైటోకైన్లనూ కలిపి స్రవించాయి. ఎలుకలలో కనిపించినంత స్పష్టమైన విభజన వాటిలో లేదు. అయితే మొగ్గు ఉన్నది. గామా ఇంటర్‌ఫెరాన్ ఆవులలో ఐజీజీ-2 ప్రతిరక్షకాలను, ఇంటర్‌ల్యూకిన్-4 ఐజీజీ-1 ప్రతిరక్షకాలను పెంచుతాయి. అందువల్ల టీకా వేసిన పశువు సీరంలో ఈ రెండింటి నిష్పత్తిని బట్టి ప్రతిస్పందన ఎటు మొగ్గిందో స్థూలంగా అంచనా వేయవచ్చు. బాక్టీరియా డి.ఎన్.ఏ.ను అనుకరించే సి.పి.జి. అడ్జువెంట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎలుక కణాలను అత్యధికంగా ఉత్తేజపరిచే క్రమం వేరు, మనిషికి, ఆవుకు సరిపడే క్రమం వేరు.

గుర్రాల నుండి వచ్చిన పాఠం

అడ్జువెంట్ల చరిత్ర పశువులతోనే మొదలయింది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన పశువైద్యుడు గాస్టన్ రామోన్ 1920వ దశకంలో గుర్రాలలో డిఫ్తీరియా విషానికి విరుగుడు సీరం తయారు చేస్తుండగా, సూది వేసిన చోట చీము పట్టిన గుర్రాలలో ప్రతిరక్షకాలు అధికంగా ఉండటం గమనించాడు. తరువాత కర్రపెండలం పిండి, రొట్టె పొడి వంటి పదార్థాలను కలిపి కావాలనే వాపు కలిగించి చూశాడు. ఫలితం మెరుగుపడింది. 1926లో ఇంగ్లండుకు చెందిన గ్లెన్నీ పటికతో అవక్షేపం చేసిన ప్రతిజనకాన్ని వాడాడు. అల్యూమినియం లవణాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఖనిజ నూనెలో చంపిన మైకోబాక్టీరియాలను కలిపిన ఫ్రాయిండ్ అడ్జువెంట్ అత్యంత శక్తిమంతమైనది. అది కలిగించే పుండ్ల కారణంగా ప్రయోగశాల దాటి రాలేకపోయింది.

ఇవన్నీ పనిచేస్తున్నాయని తెలిసినా, ఎందుకు పనిచేస్తున్నాయో దశాబ్దాలపాటు తెలియలేదు. 1989లో చార్లెస్ జేన్‌వే ఈ విషయాన్ని బాహాటంగా ఎత్తి చూపి, సూక్ష్మజీవులకు మాత్రమే ఉండే అణు నిర్మాణాలను గుర్తించే గ్రాహకాలు శరీరంలో ఉండి తీరాలని ప్రతిపాదించాడు. ఈగలలో టోల్ అనే జన్యువుకు శిలీంధ్రాలను ఎదుర్కోవడంలో పాత్ర ఉన్నదని 1996లో, క్షీరదాలలో బాక్టీరియా కణత్వచ విషాన్ని గుర్తించేది టోల్ వంటి గ్రాహకం-4 అని 1998లో తేలడంతో ఆ ప్రతిపాదన రుజువైంది. మొక్కలు కూడా బాక్టీరియా కశాభంలోని ప్రోటీన్‌ను కణ ఉపరితల గ్రాహకంతో గుర్తిస్తాయని సస్య వ్యాధి శాస్త్ర విద్యార్థులకు తెలుసు. మొక్కకు సంచరించే కణాలు లేవు కనుక ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకుంటుంది. జంతువులో ఆ వార్తను లింఫు గ్రంథికి మోసే బాధ్యత డెండ్రైటిక్ కణానిది.

చంపిన సూక్ష్మజీవిని ఎంత శుద్ధి చేస్తే దానిలోని ఈ ప్రమాద సంకేతాలు అంతగా తొలగిపోతాయి. శుద్ధమైన ప్రతిజనకం మంచిదే గాని డెండ్రైటిక్ కణాన్ని మేల్కొల్పలేదు. ఆ లోటును పూరించడమే అడ్జువెంట్ పని.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ టోల్ వంటి గ్రాహకాలను నేరుగా తాకదు. అది కణజాలంలో స్వల్ప నష్టం కలిగించి, దెబ్బతిన్న కణాల నుండి వెలువడే యూరిక్ ఆమ్లం వంటి పదార్థాల ద్వారా పరోక్షంగా హెచ్చరిక పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-12 తగినంత పుట్టదు. ప్రతిస్పందన ప్రతిరక్షకాల వైపు, ఎలుకలలో టి.హెచ్.2 వైపు మొగ్గుతుంది. జెల్ ప్రతిజనకాన్ని నిల్వచేసి కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది కాబట్టే పనిచేస్తుందనే వివరణ పాఠ్యపుస్తకాలలో ఇంకా ఉన్నది. అయితే ఎలుక చెవిలో టీకా వేసి, రెండు గంటల తరువాత ఆ భాగాన్ని తొలగించినప్పటికీ ప్రతిస్పందన తగ్గలేదని 2012లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. బోధనలో ఈ సవరణ చోటుచేసుకోవాలి.

నూనె ఎమల్షన్లు ఇంకా బలమైన స్థానిక వాపును కలిగించి, ఎక్కువ సంఖ్యలో కణాలను సూది చోటికి రప్పిస్తాయి. నీరు-నూనె-నీరు అనే ద్వంద్వ ఎమల్షన్‌లో బయటి నీటి దశలోని ప్రతిజనకం త్వరగా అందుబాటులోకి వస్తుంది. లోపలిది ఆలస్యంగా వస్తుంది. చిక్కదనం తక్కువ కావడంతో సూదిలో సులభంగా దిగుతుంది. గొంతువాపు టీకాలలో ఈ తేడా చాలాకాలంగా అనుభవంలో ఉన్నదే. పటికతో అవక్షేపించిన టీకా రక్షణ కొద్ది నెలలకే పరిమితం కాగా, నూనె టీకా రక్షణ ఎక్కువకాలం నిలిచింది. కాని ఆ చిక్కని నూనెను గేదె కండరంలోకి ఎక్కించడం సిబ్బందికి ప్రయాసగా ఉండేది.

సపోనిన్లు మరొక తరగతి. చిలీ దేశపు క్విల్లాజా చెట్టు బెరడు నుండి తీసినవి గాలికుంటు టీకాలలో అల్యూమినియం జెల్‌కు తోడుగా వాడుకలో ఉన్నాయి. శుద్ధిచేసిన రూపాలు మానవ టీకాలలోనూ చేరాయి. మన కుంకుడులోనూ సపోనిన్లున్నాయి కాబట్టి అదీ పనికివస్తుందనే ఉత్సాహం విద్యార్థి సదస్సులలో తరచు వినిపిస్తుంది. సపోనిన్లు ఎర్ర రక్తకణాలను ఛేదించగలవు. క్విల్లాజా సపోనిన్‌ను కూడా కొలెస్టరాల్‌తో, ఫాస్ఫోలిపిడ్‌తో బంధించి ఆ దోషాన్ని అణచిన తరువాతే మానవ టీకాలలో విస్తృతంగా వాడగలిగారు.

గచ్చిబౌలి టీకా, బ్రూసెల్లా టీకా

బీరంగూడకు కొద్ది దూరంలో, గచ్చిబౌలిలో, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థ గాలికుంటు టీకాలకు ప్రసిద్ధి. నూనె అడ్జువెంట్ గల రక్ష ఓవాక్‌లో ఓ, ఏ, ఏసియా-1 అనే మూడు రకాల వైరస్‌లు నిర్జీవ రూపంలో ఉంటాయి. ఒక రకానికి పుట్టిన రక్షణ మరొక రకానికి పనికిరాదు కాబట్టి మూడూ అవసరం. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధులు రెండింటినీ లక్ష్యంగా పెట్టుకున్నది. ఒకే కార్యక్రమంలోని ఈ రెండు టీకాలను పక్కపక్కన ఉంచి చూస్తే సహాయక టి కణాల పాఠం స్పష్టమవుతుంది.

గాలికుంటు వైరస్ వేగంగా వృద్ధి చెంది కణాన్ని ఛేదించి బయటపడుతుంది. దానిని రక్తంలోనే పట్టి తటస్థీకరించే ప్రతిరక్షకాలు తగినంత ఉంటే పశువు చాలావరకు సురక్షితం. అందువల్ల టి.ఎఫ్.హెచ్. తోడ్పాటుతో బి కణాలను బలంగా నడిపించే నూనె అడ్జువెంట్ దీనికి సరిపోతుంది. చంపిన వైరస్ తనంతట పెరగదు కనుక ఆ ప్రతిస్పందన ఆరు నెలలకోసారి గుర్తుచేయవలసి వస్తుంది. మొదటి టీకా నాలుగు నెలల వయస్సులో, బూస్టర్ మరొక నెలకు వేస్తారు. అంతకు ముందు వేస్తే జున్నుపాల ద్వారా వచ్చిన తల్లి ప్రతిరక్షకాలు టీకాను కప్పివేసే అవకాశం ఉన్నది.

బ్రూసెల్లా స్వభావం పూర్తిగా భిన్నం. ఈ బాక్టీరియా స్థూల భక్షక కణం లోపలే నివసిస్తుంది. సీరంలో ప్రతిరక్షకాలు ఎంత ఉన్నా అవి కణం లోపలికి చేరవు. దానిని చంపాలంటే ఆతిథేయ కణాన్ని గామా ఇంటర్‌ఫెరాన్‌తో ఉత్తేజపరచాలి, అంటే టి.హెచ్.1 ప్రతిస్పందన కావాలి. చంపిన బ్రూసెల్లాను జెల్‌లో కలిపి వేసినంత మాత్రాన ఇది సంతృప్తికరంగా రాదు. అందుకే నేటికీ బలహీనపరచిన సజీవ బాక్టీరియా ఎస్-19 వాడుతున్నారు. 1923లో ఒక జెర్సీ ఆవు పాల నుండి వేరుచేసిన రకమిది. ఇది కణంలో ప్రవేశించి, కొంతకాలం జీవించి, తనలోని అణువులతోనే డెండ్రైటిక్ కణాన్ని ఇంటర్‌ల్యూకిన్-12 వైపు నడిపిస్తుంది. సజీవ టీకాకు వేరే అడ్జువెంట్ అక్కరలేదు. దీనిని నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్య దూడలకు జీవితంలో ఒకేసారి వేస్తారు. ఒకటి ఆరు నెలలకోసారి, మరొకటి ఒకేసారి ఎందుకని రైతు అడిగితే చెప్పవలసిన సమాధానం ఇదే.

ఒకే ప్రతిజనకం, రెండు అడ్జువెంట్లు

అడ్జువెంట్ మార్పు ప్రభావాన్ని సూటిగా చూపిన ఉదాహరణ కూడా హైదరాబాద్ పరిసరాలలోనే ఉన్నది. భారత్ బయోటెక్ కోవాక్సిన్ తొలి దశ మానవ పరీక్షలలో 6 మైక్రోగ్రాముల నిర్జీవ వైరస్‌ను ఒక వర్గానికి అల్యూమినియం జెల్‌తోనూ, మరొక వర్గానికి టోల్ వంటి గ్రాహకాలు 7, 8లను తాకే ఇమిడాజోక్వినోలిన్ అణువును అంటించిన జెల్‌తోనూ ఇచ్చారు. రెండవ రకం టి.హెచ్.1 వైపు మొగ్గు చూపడంతో తదుపరి దశలకు దానినే స్వీకరించారు. బయోలాజికల్ ఇ సంస్థ కార్బెవాక్స్‌లో జెల్‌కు సి.పి.జి.ని జోడించింది, లక్ష్యించిన గ్రాహకం వేరైనా ఉద్దేశం దాదాపు ఒకటే.

ఇంత శ్రద్ధ వెనుక ఒక విషాదం ఉన్నది. 1960వ దశకంలో అమెరికాలో శిశువుల శ్వాసకోశ వ్యాధి కారక ఆర్.ఎస్. వైరస్‌కు ఫార్మలిన్‌తో చంపి, పటికతో కలిపిన టీకాను పరీక్షించారు. ప్రతిరక్షకాలు వచ్చాయి. కాని తరువాత సహజంగా వైరస్ సోకినప్పుడు టీకా పొందిన పిల్లలలో వ్యాధి తీవ్రమైంది, ఇద్దరు మరణించారు. వైరస్‌ను తటస్థీకరించలేని ప్రతిరక్షకాలతోపాటు టి.హెచ్.2 వైపు మొగ్గిన ప్రతిస్పందన ఇందుకు కారణమని తరువాతి పరిశోధనలు సూచించాయి. ప్రతిరక్షకాల మొత్తం ఒక్కటే టీకా విజయానికి కొలమానమని భావించేవారు ఈ ఉదంతాన్ని మరువకూడదు.

పాకలో ఎదురయ్యే ప్రశ్నలు

సూది చోటి గడ్డకు ఇప్పుడు తిరిగి రావచ్చు. నూనె ఎమల్షన్ చుట్టూ కణాలు చేరడం వల్ల వచ్చే వాపు అది; డెండ్రైటిక్ కణాలు టీకాను అందుకునేది ఆ వాపులోనే. కొద్ది రోజుల స్వల్ప జ్వరం, మేత తగ్గడం, వాటితోపాటు పాలు కొంత తగ్గడం కూడా అదే స్పందనలో భాగాలు. రైతుతో ‘ఏమీ కాదు’ అని చెప్పి తరువాత గడ్డ కనిపిస్తే మరుసటి శిబిరానికి ఆ రైతు రాడు. ముందే ఉన్నదున్నట్లు చెప్పి, గాలికుంటు సోకితే పోయే పాలతో పోల్చి చూపడం మేలు. అదే సమయంలో గడ్డ కట్టింది కాబట్టి టీకా పట్టిందని చెప్పడమూ సరికాదు. చీము పట్టిన గడ్డ అపరిశుభ్రమైన సూది వల్ల కావచ్చు. గడ్డ లేని పశువులోనూ మంచి రక్షణ ఉండవచ్చు. సూదిని కొవ్వులోకి కాక కండరంలోకి లోతుగా దింపడం, ప్రతి పశువుకు సూది మార్చడం వల్ల చీముగడ్డలు తగ్గుతాయి.

నిల్వ విషయంలో వేడి గురించి అందరికీ తెలుసు, చలి గురించి అంతగా తెలియదు. 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన టీకా గడ్డకడితే జెల్ రేణువులు ముద్దకడతాయి, ఎమల్షన్ విరిగి నూనె, నీరు వేరవుతాయి. కరిగిన తరువాత ఊపితే మామూలుగానే కనిపించవచ్చు గాని ప్రతిజనకానికి, అడ్జువెంట్‌కు మధ్య ఉండవలసిన కలయిక తిరిగి రాదు. ఇళ్లలోని ఫ్రిజ్‌లో పై మంచు అర పక్కన పెట్టిన సీసాలకు, పెట్టెలో మంచు దిమ్మెలకు నేరుగా ఆనిన సీసాలకు ఈ ప్రమాదం ఎక్కువ. వేడికి జరిగే నష్టం మరొకటి. గాలికుంటు వైరస్ పూర్ణ కణం చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కల నుండి కూడా పెప్టైడ్‌లు లభిస్తాయి, టి కణాలు మేలుకుంటాయి. కాని తటస్థీకరించే ప్రతిరక్షకాలకు కావలసిన పూర్ణ ఆకృతి బి కణాలకు దొరకదు.

టీకాలు వేసే సిబ్బంది భద్రత కూడా ఈ విషయంలో భాగమే. నూనె టీకా పొరపాటున వేలిలో దిగితే, ఎంత కొద్ది పరిమాణమైనా, అక్కడి తీవ్రమైన వాపు రక్తప్రసరణను అడ్డగించి వేలినే పోగొట్టవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, అది ఖనిజ నూనె గల పశువుల టీకా అని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి; ఖాళీ సీసానో, దాని పెట్టెనో వెంట తీసుకువెళ్లడం మంచిది. ఎస్-19 విషయంలో ప్రమాదం నూనెది కాదు, సజీవ బాక్టీరియాది. అది మనిషిలోనూ వ్యాధి కలిగించగలదు కాబట్టి చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయరాదు. మిగిలిన టీకాను, వాడిన సూదులను పాక దగ్గర పారవేయరాదు.